మొహ్సిన్ ఉస్తాద్ పేల్చని తుపాకీ

క్లబ్బు తుపాకీలో తూటాను పేల్చే పిన్ను విరిగిందన్న సంగతి బయటపడేసరికి బిల్కీస్ వంతు దగ్గరపడింది.

కౌలాలంపూర్ పోటీకి వెళ్ళే జట్టుకి అదే ఆఖరి ఎంపిక. గాల్లోకి ఎగిరే మట్టి పళ్ళేలను కొట్టాలి. హైదరాబాద్ నుంచి ఈ దేశం వచ్చి బిషాన్‌లో కాపురం పెట్టినప్పటి నుంచీ ఆమె ప్రతి ఎంపికకూ వస్తోంది, ప్రతిసారీ చివర్లో జారిపోతోంది. ఈసారీ జారితే మళ్ళీ పిలవనని కోచ్ మొహం మీదే చెప్పేశాడు.

"ఇంకోటి ఇవ్వండి," అంది కంగారుగా.

ఆయుధాల గది చూసుకునే చీనా పెద్దాయన పెదవి విరిచాడు. "ఆల్ టేకెన్, మేడమ్. బట్ యువర్ ఓన్ గన్ గాట్, వాట్. వై నాట్ యూజ్?"

ఉంది. చిక్కంతా అక్కడే ఉంది.

హైదరాబాద్ కోఠీలో తుపాకులు బాగుచేసే మొహ్సిన్ ఉస్తాద్ ఆమె తండ్రి. ఇంగ్లండు నుంచి విడిభాగాలు తెప్పించి, అక్రోటు కర్రతో భుజానికి ఆనించే దస్తా తనే చెక్కి, రెండు గొట్టాల తుపాకీ ఒకటి తయారు చేశాడు. చేసి బీరువాలో పెట్టి తాళం వేశాడు. జాగీర్దార్ల పిల్లలు వచ్చి బతిమాలినా అమ్మలేదు. "ఇది ఇంకా పేలలేదు," అనేవాడు. అంతకుమించి ఒక్క ముక్క పెగిలేది కాదు. ఆయన పోయాక తుపాకీ కూతురి పేరు మీదికి మారి, అనుమతులన్నీ దొరికాక, ఈ క్లబ్బు ఇనుప అల్మారాలోకి చేరింది. ఈ ఊళ్ళో తుపాకీని ఇంట్లో పెట్టుకోవడమనే మాటే లేదు. అప్పుడప్పుడు వచ్చి నూనె రాసేది గానీ, భుజానికి ఆనించాలని ఆమెకెప్పుడూ తోచలేదు.

పేలలేదు కాబట్టే దానికంత విలువ అని ఆమె భర్త సాదత్ ఎవరి దగ్గరో విన్నాడు. బ్యాంకులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి పాయా లేబర్‌లో వెబ్‌సైట్ల కంపెనీ పెట్టినవాడు. మొన్నటిదాకా డాట్‌కామ్ అంటే ఎగబడి డబ్బు పెట్టినవాళ్ళు ఇప్పుడు ఫోన్ కూడా ఎత్తడం లేదు. అందుకే తుపాకీ అమ్మేద్దామని హౌగాంగ్ నుంచి వెంకటేశ్వర రావు గారిని ఇవాళే రప్పించాడు. ఓడల కంపెనీలో పనిచేసి రిటైరైన ఆ పెద్దమనిషికి ఒకటే పిచ్చి, ఒక్కసారి కూడా పేలని తుపాకులు సేకరించడం.

ఆయుధాల గదిలో రావు గారు తన లైసెన్సు చూపించి, తెల్ల చేతి తొడుగులు వేసుకుని తుపాకీ ఎత్తారు. గొట్టాల్లోంచి వెలుతురు చూశారు.

"అబ్బ! కన్నెపిల్లలా ఉందయ్యా సాదతూ. ఒక్క మచ్చ లేదు."

"మీ చేతికి వచ్చేదాంక గట్లనే ఉంటది అంకుల్," అన్నాడు సాదత్. జేబులో ఫోన్ మోగుతోంది. నొక్కేశాడు. మళ్ళీ మోగింది.

బయట ఉరిమింది. పిడుగుల సైరన్ మోగితే ఎంపిక ఆగిపోతుంది. ఆగిపోతే బాగుండునని ఒక క్షణం, ఆగకూడదని మరుక్షణం అనుకుంది బిల్కీస్.

రావు గారు తుపాకీని కుడి భుజానికి ఆనించి, మొహం చిట్లించారు. "ఇదేంటమ్మా, చెంప కుదరట్లేదు. దస్తా ఎడం పక్కకి వంగిపోయింది. మీ నాన్నగారంతటి పనివాడు పొరపాటు చేశాడంటే నమ్మలేకపోతున్నానే." మళ్ళీ తనే నవ్వారు. "పర్లేదులే. వంకరున్న సరుకంటే నాలాంటి వెర్రివాళ్ళకి ఇంకాస్త మోజు."

బిల్కీస్ చెయ్యి చాచింది. రావు గారు ఇచ్చారు.

ఆమె దాన్ని ఎడమ భుజానికి ఆనించింది. తల వంచకుండానే చెంప దస్తా మీద కూర్చుంది. గొట్టం చివర గురి చూసే పూస ఎడమ కంటికి సూటిగా నిలబడింది. పొడవు కూడా ఆమె చేతికి కొలిచి కోసినట్టుంది.

చిన్నప్పుడు ఎడమ చెయ్యి అన్నం పళ్ళెం మీదికి వెళ్తే చాలు, అమ్మీ ఆ చేతిని దుపట్టాతో నడుముకి కట్టేసేది. తండ్రి దుకాణంలో ఖాళీ తుపాకీ ఎడమ భుజానికి ఎత్తితే, గిరాకీల ముందు అబ్బా కుడి వైపుకి మార్చేవాడు. కాలేజీ ఎన్‌సీసీలో ఆమె తుపాకీ పట్టిన ఏడాదే ఆయన ఈ దస్తా చెక్కాడు. ఆ ఏడాదే అమ్మీ ఇక చాలని ఆమెను కాల్పుల రేంజికి వెళ్ళకుండా ఆపేసింది. అబ్బా అమ్మీకి ఎదురు చెప్పలేదు. తుపాకీని బీరువాలో పెట్టాడు.

ఇంకా పేలలేదు అన్నది గొప్ప కోసం కాదు.

"ఇది పొరపాటు కాదు అంకుల్," అంది. "నాది ఎడమ చెయ్యి. అందరూ కుడికి మార్పించిన్రు."

మైకులో ఆమె పేరు పిలిచారు.

సాదత్‌కి అర్థమైపోయింది. "నక్కో బిల్కీస్, వద్దు! రావు గారికి మాటిచ్చినం. నువ్వు ఎడమ భుజంతోని ఎప్పుడన్న కొట్టినవా? ఓడిపోతవ్, ఇది కూడ ఖరాబైతది."

"రోజూ మీ కంపెనీ షేర్లను తిట్టుకుంటరు కదా. కాగితం మీద ఉన్నయి, అమ్మనియ్యరు, తిననియ్యరు అని. దీన్ని కూడ గట్లనే పెట్టుమంటరా?"

"ఆఫీసుల జీతాలు ఎట్లియ్యాలె? గది చెప్పు ముందు."

"నాకు తెల్వదు," అంది. నిజంగానే తెలియదు. "గని అబ్బా దీన్ని అల్మారా కోసం చెయ్యలె."

పెద్దాయన లైసెన్సు చూసి తూటాల పెట్టె ముందుకు తోశాడు. "ఫాస్ట్, మేడమ్. రెయిన్ కమింగ్ లా."

లైనులో నిలబడింది. ఎడమ చూపుడు వేలు కొత్త కోడలిలా బెరుగ్గా మీట మీదికి వెళ్ళింది.

"పుల్!"

పళ్ళెం ఎగిరింది. తుపాకీ మొదటిసారి పేలింది. పళ్ళెం చెక్కు చెదరకుండా గడ్డిలో పడింది. వెనక నుంచి రావు గారి నిట్టూర్పు వినిపించింది. రెండోదీ పోయింది. ఒళ్ళంతా కుడి భుజం వైపు లాగుతోంది. అలవాటుగా ఎడమ కన్ను మూయబోయి ఆగింది. ఇన్నేళ్ళూ దాన్ని మూసే కొట్టేది. ఈ తుపాకీకి ఏ కన్నూ మూయక్కర్లేదు.

"పుల్!"

పళ్ళెం పొడిపొడి అయింది. ఆ తర్వాతదీ. ఆ తర్వాత ఆమె లెక్క మరిచిపోయింది. చినుకులు మొదలయ్యేసరికి భుజం మండిపోతోంది.

సైరన్ మోగకముందే పలక మీద జట్టుకి ఎంపికైనవాళ్ళ పేర్లు రాశారు. పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని చదివాడు. చివరి పేరు ఆమెదే. "లాస్ట్ నేమ్, మేడమ్. బట్ కెన్ లా, కెన్."

రావు గారు చేతి తొడుగులు మడిచి జేబులో పెట్టుకున్నారు. "నాకిక పనికిరాదమ్మా. బంగారంలాంటి వస్తువు." గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు. "మూడోది మాత్రం భలే కొట్టావ్."

సాదత్ ఫోన్ ఎత్తాడు. "హలో... లేదు, బేరం కాలే. సోమవారం ఆఫీసుల అందరితోని నేనే మాట్లాడ్త." ఫోన్ పెట్టేశాడు. తర్వాత బల్ల మీది తుపాకీ దగ్గరికి వచ్చాడు. పిడి దగ్గర అక్రోటు కర్ర మీద సన్నని గీత పడింది. బిల్కీస్ ఎడమ చేతి ఉంగరం గీసిన గీత. దాని మీద వేలు పెట్టబోయాడు.

"సర్, నో లైసెన్స్, డోంట్ టచ్!" అరిచాడు పెద్దాయన.

సాదత్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"వచ్చేసారి ఉంగరం తీసి నాకియ్యి," అన్నాడు భార్యతో.