స్ట్రాప్ వదిలెయ్

మనిషినైనా బండినైనా వీరభద్రం ఒకే చూపు చూస్తాడు. బరువు ఎక్కడుంది, అందులో అనవసరమైనదెంత, తీసేస్తే మిగిలింది నిలుస్తుందా. విజయవాడ ఆటోనగర్‌లో పాత లారీ స్పేర్లు అమ్మిన రోజుల్లో అబ్బిన చూపు అది. అమెరికాలోని బాతెల్ వచ్చి పందొమ్మిదేళ్లయినా మారలేదు. ఇక్కడ లారీలకు బదులు మంచు మీద నడిచే బండ్లు, స్నోమొబైళ్లు. పాతవి కొని, కొండల మీది లోతు మంచులో నడిచేలా మార్చి అమ్మడం అతని వ్యాపారం. మార్చే చేతులు మాత్రం అతనివి కావు, అవనివి.

అవని అతని స్నేహితుడు శేషగిరి కూతురు. ఇక్కడే పుట్టింది. ఇంజినీరింగ్ చదివి, విమానాల కంపెనీలో రెండేళ్లు కంప్యూటర్ ముందు కూర్చుని, విసుగెత్తి ఈ షెడ్డుకొచ్చింది. మూడు చలికాలాల్లో ఆమె చేసిన బండి ఒక్కటీ ఫిర్యాదుతో వెనక్కి రాలేదు. ఈ నవంబరులో వీరభద్రం మాటిచ్చాడు. రఘువీర్ అనే కస్టమరు బండి బాగా కుదిరితే షెడ్డు బోర్డు మీద తన పేరు పక్కన ఆమె పేరు.

"ష్యూరా అంకుల్? మా డాడీ ఇంకా ఇది హాబీ అనుకుంటున్నారు."

"బోర్డు ఫోటో తీసి పంపు. అప్పుడనుకోడు."

రఘువీర్ ఆఫీసులో మేనేజరు, ఆదివారాల్లో కొండల వీరుడు. అతని వెనక ఐదుగురు స్నేహితులున్నారు. ముందు ఇతని బండి చూసి, తర్వాత తమవి ఇద్దామని ఎదురుచూస్తున్నారు. మెత్తటి మంచులో బండి ముందుకు పోకుండా తన గొయ్యి తానే తవ్వుకుని కూర్చుంటోందని రఘువీర్ బాధ.

అవని బండి కింద చక్రాలకు బదులు తిరిగే పాత రబ్బరు ట్రాక్ విప్పి, మూడంగుళాల పళ్లున్న పొడుగాటి ట్రాక్ వేసింది. ఇక బండి మంచు మీద తేలుతుంది. ముందు చక్రాల చోట మంచు మీద జారే రెండు స్కీల మధ్య ఎడం తగ్గించింది, కొండవాలున బండిని పక్కకు వంచడం సులువయ్యేలా. హ్యాండిల్ ఎత్తింది. బరువైన సైలెన్సర్, బ్యాటరీ తీసి తేలికవి పెట్టింది. మొత్తం ముప్పై ఒక్క పౌన్లు దిగాయి. మిగిలింది ట్రాక్ ముందు భాగాన్ని పట్టి ఉంచే కన్నాల పట్టీ, స్ట్రాప్, ఒక్కటే. అది బిగిస్తే స్కీలు మంచును అంటి ఉంటాయి. వదులు చేస్తే బండి ముక్కు లేస్తుంది. మరీ లేస్తే నిటారు కొండ మీద బండి వెనక్కి పల్టీ కొడుతుంది.

ఆ శుక్రవారం వీరభద్రం దూరాన స్పోకేన్ ఊళ్లో పాత బండ్ల వేలంలో ఉన్నాడు. అవని మెసేజ్ పెట్టింది. "ముందు చాలా లైట్ అయింది అంకుల్. స్ట్రాప్ ఏం చేయాలి? కొండ మీద నడిపేది మీరు కదా, మీరు ఏం అంటే అది." చుట్టూ పాట పెంచే అరుపులు. అతను వాయిస్ మెసేజ్‌లో మూడు మాటలు పంపాడు. "స్ట్రాప్ వదిలెయ్ అమ్మా."

ఏ బండినైనా ఇచ్చేముందు వీరభద్రం తనే కొండెక్కించి చూసేవాడు. ఆ వారం కొత్త మంచు పడింది. రఘువీర్ తొందరపెట్టాడు. ఒక రోజు కలిసొస్తుంది కదా అని వీరభద్రం ఈసారి కొండెక్కించి చూడకుండానే బండి ఇచ్చేశాడు.

శనివారం స్టీవెన్స్ పాస్ కొండ కనుమ దగ్గర రఘువీర్ ఆ బండి ఎక్కాడు. చదునులో పడవలా పోయింది. స్నేహితులు ఈల వేశారు. నిటారు వాలు మొదలవగానే ముక్కు లేచింది, లేచి ఇక దిగలేదు. బండి వెనక్కి తిరగబడి అతని మోకాలి మీద పడింది.

సాయంత్రం ఆసుపత్రి గదిలో రఘువీర్ కాలికి కట్టు. చుట్టూ ఐదుగురు. మంచం కాళ్లవైపు వీరభద్రం, తలుపు దగ్గర అవని.

"స్ట్రాప్ చివరి కన్నం దాకా లూజ్‌గా ఉందంట. ఎవరు చేశారండీ?" రఘువీర్ అడిగాడు.

తూచుకోవడానికి వీరభద్రానికి ఒక్క క్షణం పట్టింది. ఒక వైపు ఐదు బండ్లు, పందొమ్మిదేళ్ల పేరు. ఇంకో వైపు అవని మనసు. మన పిల్లే కదా, సర్దుకుంటుంది.

"నేను ముట్టుకోవద్దనే చెప్పాను. ఆ పిల్లకు తెలుగు అంతంతమాత్రం. వేరేలా అర్థం చేసుకుంది."

అవని ఫోన్ తీసి ఆ వాయిస్ మెసేజ్ నొక్కింది. వేలంపాట గోలలోంచి అతని గొంతు గదిలోకి వచ్చింది. "స్ట్రాప్ వదిలెయ్ అమ్మా."

రఘువీర్ నొప్పిలోనూ నవ్వాడు. "వదిలెయ్ అంటే లీవ్ ఇట్, అవనీ. జోలికి పోవద్దని. ఏ తెలుగువాణ్ణైనా అడుగు."

"మా ఇంట్లో వదిలెయ్ అంటే లెట్ గో. చిన్నప్పుడు సైకిల్ నేర్చుకునేటప్పుడు డాడీతో అదే అన్నా. సీటు వదిలెయ్ అని. వదిలేశారు."

"అప్పుడూ పడ్డావా?" అన్నాడు ఒక స్నేహితుడు.

"లేదు. తొక్కాను." అవని వీరభద్రం వైపు తిరిగింది. "అంకుల్, టెస్ట్ రైడ్ సంగతి కూడా చెప్పండి."

అందరూ అతని వైపు చూశారు. వీరభద్రం రఘువీర్ దిండు సరిచేశాడు.

"చిన్నపిల్ల. భయపడి ఏదో అంటోంది," అన్నాడు.

సోమవారం అతను షెడ్డుకు వచ్చేసరికి అవని తన రెంచీలు పెట్టెలో సర్దుకుంటోంది.

"జరిగిందేదో జరిగింది. ఇంతటితో వదిలెయ్ అమ్మా. బోర్డు సంగతి వేసవిలో చూద్దాం."

"ఇది ఏ వదిలెయ్ అంకుల్? లీవ్ ఇట్టా, లెట్ గోనా?"

అతను బల్ల మీది స్క్రూలు ఏరి డబ్బాలో వేయడం మొదలుపెట్టాడు.

"పర్లేదు. రెండూ చేస్తాను," అని షెడ్డు తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

వీరభద్రం వేసిన లెక్క తప్పలేదు. స్నేహితులు ఐదుగురూ బండ్లు తెచ్చి దించారు. "స్ట్రాప్ మాత్రం మీరే చూడండి అంకుల్, ఆ అమ్మాయికివ్వకండి," అని నవ్వి పోయారు.

నాలుగు రోజులు తంటాలుపడి, వేళ్లు చెక్కుకుపోయి, మొదటి బండికి పొడుగు ట్రాక్ ఎక్కించాడు. తేలిక బ్యాటరీ పెట్టాడు. స్ట్రాప్ దగ్గరికొచ్చి చల్లటి సిమెంటు మీద వెల్లకిలా పడుకుని చూశాడు. నాలుగు కన్నాలు. ముందు ఇంత బరువు తగ్గినప్పుడు ఏ కన్నం? అవని ఎప్పుడూ కాగితం మీద ఏదో గీసుకుని పెట్టేది. ఆ కాగితం ఎన్నడూ అడిగి చూడలేదు.

ఫోన్ తీసి టైపు చేశాడు. "స్ట్రాప్ ఏ కన్నంలో పెట్టాలి అమ్మా?"

చూసినట్టు గుర్తు పడింది. జవాబు రాలేదు.

రెండో కన్నంలో పెట్టాడు. తీసి మూడో దాంట్లో పెట్టాడు. మళ్లీ రెండో దాంట్లో. తక్కిన నాలుగు బండ్లు షెడ్డులో వరసగా, విప్పకుండా అలాగే ఉన్నాయి.