మా బండికి నా బరువు

మా ఊళ్లో పత్తి కొనడానికొచ్చే వ్యాపారి కాటా దింపకముందే ఒక మాట అడుగుతాడు, కోటిరత్నం ఇంట్లో ఉందా అని. ఉన్నానంటే తిన్నగా తూస్తాడు. ఇది నా గొప్ప నేను చెప్పుకోవడం కాదు, ఊరంతా చెప్పేదే. సున్నా దగ్గర నిలవని కాటాని, కాలి బొటనవేలితో బస్తాని పైకెత్తే గుమాస్తాని ఎన్నిసార్లు పట్టుకున్నానో లెక్కలేదు. అలాంటిదాన్ని ఒకే ఒక్క తూకం తప్పు చెప్పాను. అది నాదే.

మా ఆయన అంకమ్మరావు బక్కపలచటి మనిషి. నేను కాదు. బండి మీద ఆయన వెనక నేను కూర్చుంటే, స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా వెనక టైరు మడ్‌గార్డుకి కొట్టుకుని టప్పుమనేది. ఆ చప్పుడికి టీ కొట్టు దగ్గర జనం తలతిప్పి చూసేవాళ్లు. బండిని కాదు, నన్ను. ఒకరిద్దరు నవ్వేవాళ్లు కూడా. వాళ్ల నోళ్లు ముయ్యలేక, స్పీడ్ బ్రేకర్ ముందే దిగి, నడిచి దాటి, మళ్లీ ఎక్కడం మొదలుపెట్టాను. ఎండలో అలా దిగి ఎక్కుతుంటే నా మీద నాకే చిరాకేసేది.

మా ఆయన చూసి చూసి బండిని సత్తెనపల్లిలో సిలార్ బాబాయ్ షెడ్డుకి తీసుకెళ్లాడు. షాక్ అబ్జార్బర్ల పనిలో ఆయనది అందెవేసిన చెయ్యి. ముప్పై ఏళ్లలో ఆయన చేసిన బండి మళ్లీ అదే రోగంతో తిరిగి రాలేదని చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఆయనకో పద్ధతి ఉంది. బండి మీద తిరిగేవాళ్లందరూ వచ్చి దాని మీద కూర్చోవాలి. సీటు ఎంత దిగిందో టేపు పెట్టి కొలుస్తాడు. అప్పుడు స్ప్రింగు కింద రింగుని స్పానరుతో తిప్పుతాడు. దానికి ఐదు మెట్లుంటాయి, ఎక్కే బరువుని బట్టి మెట్టు.

పదిమంది మగాళ్ల మధ్య నన్ను కూర్చోబెట్టి టేపు పెట్టి కొలుస్తారా అని నేను వెళ్లలేదు. అందుకని బాబాయే ఫోన్ చేసి బరువెంతమ్మా అనడిగాడు. డెబ్బై అన్నాను. నోరు తడబడలేదు కూడా. కోటిరత్నం చెప్పిన తూకానికి మళ్లీ కొలతెందుకని మా ఆయనతో అన్నాడట. ముప్పై ఏళ్ల పద్ధతి పక్కనపెట్టి, మూడో మెట్టుకి తిప్పి పంపించాడు.

మళ్లీ టప్పుమంది. మా ఆయన మళ్లీ వెళ్లాడు. స్ప్రింగులు నీరసించాయేమోనని బాబాయ్ రెండిటినీ మార్చాడు. అయినా అంతే.

మూడోసారి, మిరపతోటకి మందు కొనడానికి ఇద్దరం సత్తెనపల్లి వెళ్తున్నాం. మా ఆయన నాతో చెప్పకుండా బండిని నేరుగా షెడ్డు వైపు తిప్పాడు. షెడ్డు ముందే ఒక స్పీడ్ బ్రేకర్. అందరూ చూస్తుండగా దాని మీద టప్పుమంది.

మా ఆయన బండి దిగుతూనే గొంతు పెంచాడు. రెండుసార్లు చేసినా ఇదేం పని, పేరు గొప్పే గానీ చేతిలో పస లేదు అని ఏదేదో అనేశాడు. సిలార్ బాబాయ్ ఒక్కసారి నా వంక చూశాడు. బరువులు చూసే కళ్లు, నేను డెబ్బై కాదని ఆయనకి తెలియకుండా ఎలా ఉంటుంది? వెంటనే తల దించుకున్నాడు.

"నా చేతిలోనే తేడా వచ్చినట్టుంది అంకమ్మరావు," అన్నాడు.

అక్కడ వెంకటనారాయణ అనే రైతు భార్యతో వచ్చి తన వంతు కోసం నిలబడి ఉన్నాడు. ఆ మాట విని, గుంటూరులో చేయించుకుందాంలే అని బండి వెనక్కి తిప్పాడు. బాబాయ్ ఆపలేదు. నన్ను అబద్ధాలకోరుని చెయ్యడం ఇష్టంలేక తన ముప్పై ఏళ్ల పేరుని అలా పోనిస్తున్నాడు. నాకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. ఆ వెనకే ఒళ్లు మండింది, నా మీదే.

షెడ్డు పక్కనే పత్తి కొనే కొట్టు, దాని ముందు బస్తాలు తూచే కాటా. చెప్పులు విడిచాను. సున్నా చూపిస్తోందో లేదో చూసుకుని ఎక్కాను.

"బాబాయ్, ఇటొచ్చి అంకె చదువు. గట్టిగా చదువు."

ఎందుకులేమ్మా అని ఆయన అక్కడే నిలబడ్డాడు.

"నీ పని తప్పు కాదు. నేను తూకం తప్పు చెప్పాను. చదువు."

ఆయన వచ్చి చూశాడు. "తొంభై నాలుగు," అని చదివాడు.

ఎవరైనా నవ్వుతారేమోనని ఒక్కొక్కరి మొహమూ చూశాను. నవ్వితే ఆ రోజు వాళ్లకి ఉండేది. ఎవరూ నవ్వలేదు.

బాబాయ్ రింగుని ఐదో మెట్టుకి తిప్పాడు. మా ఇద్దరినీ కూర్చోబెట్టి టేపు పెట్టాడు. నేను నిటారుగా కూర్చున్నాను. తర్వాత అదే స్పీడ్ బ్రేకర్ మీద రెండుసార్లు అటూ ఇటూ పోయొచ్చాం. నేను దిగలేదు, బండి చప్పుడు చెయ్యలేదు. మా ఆయన బాబాయ్ చెయ్యి పట్టుకుని, నోరు జారానని ఒప్పుకున్నాడు. బాబాయ్ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, తన పనిలో తప్పుండి తిరిగొచ్చిన బండి ఇప్పటికీ లేదన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం చూసి నాకెంత గర్వమేసిందో చెప్పలేను. తొంభై నాలుగు కిలోల మనిషిని, అంత గర్వమూ పట్టింది.

వెళ్లబోతూ ఆగి ఇదంతా చూస్తున్న వెంకటనారాయణ బండి ఆపేసి, నెట్టుకుంటూ వెనక్కి తెచ్చాడు. టేపు తీస్తూ బాబాయ్ బరువులు కూడా అడిగాడు. వెంకటనారాయణ తనది డెబ్బై రెండని, భార్యది ఓ యాభై ఐదు ఉంటుందని అంటున్నాడు. ఆవిడ పేరు శ్రీరమ్య. మొగుడి మాట పూర్తి కాకముందే కాటా దగ్గరకొచ్చి చెప్పులు విడిచింది.

"ఆయనకేం తెలుసండీ," అని ఎక్కి నిలబడి, అంకె ఎవరూ చదవకముందే తనే అందరికీ వినపడేలా చదివింది. "అరవై తొమ్మిది."