మైకు వెనక పని

"ఆ వైర్లు త్వరగా చుట్టెయ్యి, ఆకలేస్తోంది," అన్నాడు మా ఆయన, స్టేజీ దిగి అభిమానులతో ఫొటోలకు నిలబడుతూ. చుట్టడం మొదలుపెట్టాను. పెళ్లయినప్పటి నుంచీ చుడుతూనే ఉన్నాను.

నగరం నడిబొడ్డున, కాలవలు కలిసే చోట పాత గోదాములన్నీ ఇప్పుడు నాటకశాలలు, బొమ్మల గ్యాలరీలు, పాటల హాళ్ళు. సాయంత్రమైతే వంతెనల మీద కాలు పెట్టే చోటుండదు. అక్కడే మా ఆయన పాడతాడు. హాలు వెనక బల్ల ముందు కూర్చుని సౌండు చూసేది నేను. పై స్థాయికి వెళ్తే ఆయన గొంతు జీరబోతుంది. అక్కడికి రాకముందే బల్లమీది మీటల మీద నా వేళ్ళు వాటంతటవే కదిలి సర్దేస్తాయి. జనం "ఆహా" అంటారు. అందులో సగం నాదేనని నాకు నేనే చెప్పుకుని ఊరుకునేదాన్ని. ఇంటికెళ్ళి కొంగు దోపుకుని వంట మొదలుపెడితే, "మొగుడి వెంట వెళ్తావు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ తాగుబోతు వీధుల్లో ఆడదానికేం పని?" అనేది మా అత్తగారు.

ఆ సాయంత్రం పాటకీ పాటకీ మధ్య ఆయన నావైపు చెయ్యి చూపించాడు. "మా ఆవిడ. ఇంట్లో కూచుంటే తోచదని తీసుకొస్తుంటాను." హాలంతా నవ్వింది. ఆ మాట చివరి వరుసదాకా స్పష్టంగా వినిపించింది. వినిపించేలా చేసింది నేనే.

వైర్లు చుడుతుంటే హాలు మేనేజరమ్మ వచ్చి నా పక్కన చతికిలబడింది.

"మా సౌండతను మానేశాడు. ఆ ఉద్యోగం నువ్వు చేస్తావా? ఇక్కడ ఎవరు పాడినా నువ్వే చూసుకోవాలి."

ఆయన్నడిగి చెప్తానన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అడగడానికేముంది? చెవులు నావి, చేతులు నావి.

"చేస్తాను," అన్నాను.

కాలవ గట్టున నడుస్తూ చెప్పేశాను. మా ఆయన ఆగిపోయాడు.

"మరి నా ప్రోగ్రాముల సంగతో?"

"ఈ హాల్లో అయితే నేనే ఉంటాను. బయటైతే మనిషిని పెట్టుకోండి."

"ఇంట్లో వంట, అమ్మ సంగతి?"

"అత్తయ్యకి మీరూ ఉన్నారుగా."

కిందనుంచి ఓ పడవ గిటారు మోతతో వెళ్ళింది. ఆయన నావైపు తిరిగాడు.

"అంటే, నా గొంతు నీవల్లే బాగుందంటావా?"

కోపంకన్నా భయమే ఎక్కువుంది అందులో. ఇన్నేళ్ళుగా ఆ గొంతులో వెంట్రుకవాసి తేడా కూడా పట్టుకున్నదాన్ని, ఇది తెలియదా? జాలేసింది. అయినా మాట మింగాలనిపించలేదు.

"మీ గొంతు మీదే. పని మాత్రం నాది."