డ్రైవర్ నడుస్తున్నాడు

మామిడి పూత వాసన.

తెల్లవారకముందే వస్తుంది. అద్దం సందులోంచి దూరి, ఇంజను వేడిని దాటుకుని, డ్రైవర్ సీటు దాకా...

రెడ్డెప్ప ముక్కు రోజంతా తోటలన్నీ తిరిగొస్తుంది. కాళ్లు మాత్రం సీటు కిందే ఉంటాయి.

మదనపల్లె నుంచి పుంగనూరు. పలమనేరు మీదుగా కుప్పం. మళ్లీ వెనక్కి. ఏళ్ల తరబడి బస్సు తిరుగుతోంది — తిప్పేవాడు కూర్చునే ఉన్నాడు.

కాలం నడిచింది. కాలు నడవలేదు.

ఆ పూతల రోజుల్లోనే మిషన్ ఆసుపత్రిలో డాక్టర్ జెమీమా అతని రక్తం రిపోర్టు చూసింది. అటు తిప్పింది. ఇటు తిప్పింది. కళ్లజోడు తీసింది.

"దినామూ కుప్పం పోయొస్తావు గదప్పా. నీ కాళ్లు మాత్రం యాడికీ పోలేదు."

షుగరు.

అతను బస్సెక్కాడు. షుగరు అతన్నెక్కింది.

మామిడి కోతల కాలంలో డిపోలో డ్రైవర్లకు మెడికల్ పరీక్ష ఉంటుంది. ఆలోగా షుగరు దిగకపోతే అతను సీటు దిగాలి. స్టీరింగ్ ఇంకొకరి చేతికి పోతుంది. అతనికి గ్యారేజీలో ఓ స్టూలు వేస్తారు. స్పానర్లు అందిస్తూ కూర్చోవాలి.

కాయకు తీపి ఎక్కే నాటికి ఒంట్లో తీపి దిగాలి.

"నడిచేదానికి టైం యాడుండాది మేడమ్?"

"వేరే టైం వద్దు. ఉండే దినంలోనే దూర్చు. నిండిపోయిన బస్సులో ఇంకొకర్ని ఎక్కించుకోవా నువ్వు? అట్లా."

ఆ మాట అతనికి మందుకన్నా ముందు ఎక్కింది.

దూర్చాడు.

పుంగనూరులో బస్సు ఆగితే టీ బెంచీ మీద కూలబడేవాడు. ఇప్పుడు బస్సు చుట్టూ తిరుగుతున్నాడు. ఓ చుట్టు. ఇంకో చుట్టు. ప్రయాణికులు టైరు పంచరేమోనని వంగి చూస్తున్నారు.

కండక్టర్ శైలజ టికెట్ మిషన్ ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చుంది. చర్చి ఆదివారం బడిలో పిల్లలకు బైబిలు కథలు చెప్పే మనిషి.

"ఏందన్నా, యెరికో కోట చుట్టూ తిరిగినట్టు తిరగతాండావు. బస్సు పాతది. ఆ కోట గోడల మాదిరి నిజంగా కూలిపోతాది."

కుప్పంలో కుప్పగా పడి నిద్రపోయేవాడు. ఇప్పుడు రైల్వే స్టేషన్ దాకా వెళ్లి, ఏ రైలూ ఎక్కకుండా తిరిగొస్తున్నాడు.

పూత రాలింది. పిందె పడింది.

అంతా బాగానే ఉంది... ఇంటి నుంచి డిపో దాకా ఉన్న ఆ ఒక్క రోడ్డు తప్ప.

బండి ఇంట్లో పెట్టి నడవడం మొదలుపెట్టాడు. భార్య సుమలత బండి మీద పాత చీర కప్పింది.

"మీ నాయన కూలికి నడిచి నడిచి అరిగిపాయ. మనం బండి కొన్నది చీర కట్టేదానికా?"

కానీ అడ్డం వచ్చింది సుమలత కాదు. బస్సులు.

ఆ డిపోలో రాయని రూలు ఒకటుంది. రోడ్డు మీద నడిచే డ్రైవర్‌ను చూసి ఏ డ్రైవరూ ముందుకు పోడు. బస్సు నిండినా సరే. వాన పడుతున్నా సరే. ఆగుతాడు. ఎక్కించుకుంటాడు. అది మర్యాద కాదు — అన్నం లాంటిది. పెడితే తినాలి.

బస్సు ఆగుతుంది. తలుపు తెరుచుకుంటుంది. లోపలున్న మార్కెట్ యార్డు కూలీలు, కాలేజీ పిల్లలు, ఒళ్లో బుట్ట పెట్టుకున్న ముసలమ్మలు — అందరూ చూస్తుంటారు.

"ఎక్కప్పా."

ఎక్కేవాడు.

ఎక్కక ఏం చెప్పాలి? షుగరని చెబితే సాయంత్రానికి డిపో అంతా తెలుస్తుంది. జాలిపడతారు. మెడికల్‌కు ముందే స్టూలు తుడిచి పెడతారు.

డాక్టరమ్మ చెప్పిన నడక రోజూ ఫుట్‌బోర్డు దగ్గరే ముగిసేది.

ఒకసారి ఎక్కలేదు. టీ అంగడిలో అప్పుడే కథ మొదలైంది. పెళ్లాం బండి తాళం పెరుక్కుందని ఒకరు. తాగి పడినాడని ఇంకొకరు.

"నడవడి సరిగా ఉండేటోడు యాడైనా నడుస్తాడా?"

ఆ మరునాడు మళ్లీ ఎక్కాడు.

సుమలత అన్నం పెడుతూ అంది — తక్కువ అన్నం, ఎక్కువ ఆకుకూర — "చెప్పేస్తే పోలా?"

"చెప్తే స్టీరింగ్ పోతాది."

"చెప్పకుంటే కాళ్లు పోతాయి."

అతను ఆకుకూర వైపు చూశాడు. అది ఏమీ అనలేదు.

కాయ ముదిరింది. తోటల్లో నిచ్చెనలు లేచాయి. రోడ్డు పక్కన గడ్డి పరిచి కాయలు పోస్తున్నారు. గాలిలో పులుపు తగ్గుతోంది... రోజు రోజుకూ.

మెడికల్ రోజు.

పరగడుపున బయలుదేరాడు. ఈ ఒక్క పూటైనా మొత్తం నడవాలి. ఒక్క పూట నడకతో రక్తం మారదని అతనికి తెలుసు. అయినా బయలుదేరాడు.

వెనక బస్సు. తంబళ్లపల్లెలో రాత్రి ఆగి తెల్లారి మదనపల్లెకు బయలుదేరే బస్సు. నడిపేది మునికుమార్. ఒకే బ్యాచ్‌లో చేరినవాళ్లు. ఒకే కంచంలో తిన్నవాళ్లు.

ఆగింది. తలుపు తెరుచుకుంది.

"ఎక్కప్పా."

"నువ్వు పో."

"యాల?"

రెడ్డెప్ప నడుస్తున్నాడు. బస్సు పక్కనే కదిలింది.

"నేనేమన్నా అన్నానా నిన్ను?"

"లేదప్పా."

"మరి నా బస్సు ఎక్కకపోతే ఏందని అర్థం?"

లోపలి నుంచి కురబలకోట చెంగమ్మ గొంతు. యార్డులో టమాటా ఏరే పని ఆమెది.

"ఎక్కితే ఎక్కు నాయనా, లేకుంటే లే. ఆడ మాకు వేలం మొదలైపోతాది."

రెడ్డెప్ప ఆగాడు.

బస్సు ఆగింది. కిటికీల నిండా మొహాలు.

"నాకు షుగరుండాది మునీ. నడవాలంట, మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ చెప్పింది. ఈ పొద్దు మెడికల్."



ఒక్క మాట. ఇన్నాళ్లు నోట్లో చక్కెరలా దాచుకున్నాడు... కరగలేదు. ఇప్పుడు రోడ్డు మీద పడింది. చీమలు పట్టినట్టు అందరి కళ్లూ దాన్ని పట్టాయి.

"అంతేనా," అంది చెంగమ్మ. "నేను ఇంకేమో అనుకుంటి. నడవనీరా ఆయప్పను."

మునికుమార్ రెడ్డెప్ప మీది నుంచి చూపు తిప్పుకున్నాడు. స్టీరింగ్ మీద చేతులు. ఎదురుగా రోడ్డు.

రెడ్డెప్ప ముందుకు నడిచాడు. బస్సు దాటిపోతుందని పక్కకు జరిగాడు.

దాటలేదు.

మొదటి గేరు. మనిషి నడక. బస్సు అతని వెనకే వస్తోంది — హారన్ లేకుండా, తొందర లేకుండా, ఎద్దు వెనక బండిలా.

నడిచే డ్రైవర్‌ను ఎక్కించుకోవాలి. ఎక్కనన్న డ్రైవర్‌ను ఏం చేయాలో రూలు చెప్పలేదు. వదిలి పోవడం మాత్రం మునికుమార్‌కు చేతకాలేదు.

చెంగమ్మ బుట్టతో సహా దిగింది. "నడిస్తేనే ముందు పోతాం" అని రెడ్డెప్పను దాటి వెళ్లిపోయింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు. నవ్వుకుంటూ.

వెనక ఆటోలు మోగుతున్నాయి. మునికుమార్ వినడం లేదు.

కొంత దూరం. ఇంకొంత దూరం.

అప్పుడు కిటికీలోంచి తల బయటపెట్టాడు. గొంతు తగ్గించాడు — ఇంజను కన్నా కొంచెం పైకి, ప్రయాణికుల చెవికి కొంచెం కిందికి.

"అప్పా."

"ఊఁ."

"ఆ డాక్టరమ్మ... సాయంత్రం కూడా ఉంటాదా?"

రెడ్డెప్ప వెనక్కి తిరగలేదు. తిరిగితే చూడాల్సి వస్తుంది. చూస్తే తెలిసిపోతుంది — అడిగింది ఎవరి కోసమో.

"ఉంటాది."

రోడ్డు మలుపు తిరిగింది. ఎండ వీపు మీదికి వచ్చింది.

డిపో గేటు ఇంకా కనబడలేదు. రక్తం తీసే సూది ఇంకా దిగలేదు.

బస్సు నీడ అతని మీద పడింది. అతని నీడను మింగింది. అతను నడిచాడు... బస్సు నీడ అంచు దాటి, తారు మీద, అతని తల నీడ బయటికి వచ్చింది.

వెనక మొదటి గేరు.

ఇంకా మొదటి గేరే.