బైరాగి మావ వీలునామా

మొగుడి పేరు నోటితో అనకూడదంటారు. నేను అంటాను. తారకేశ్వరరావు. బతికినన్నాళ్లూ నన్ను బాగానే చూసుకున్నాడు. పోతూ పోతూ నట్టేట ముంచాడు.

నాది మారుమనువు. ఆయన మొదటి భార్య కామాక్షి ఏడాదికే కంచిలి పుట్టింటికి వెళ్లిపోతే, మా ఊరి పెద్దమనిషి బైరాగి మావ అందరినీ కూర్చోబెట్టి తెగతెంపులు చేశాడు. తర్వాత నన్ను తెచ్చి ఆయన చేతిలో పెట్టిందీ బైరాగి మావే. రెండూ నోటిమాటే. రేషను కార్డులో కూడా కామాక్షి పేరే ఉండిపోయింది. మార్పించమంటే, ఎందుకులే, ఊరికి తెలీదా అనేవాడు మా ఆయన.

పిల్లల్లేరు. ఆయనకున్న జీడితోటనే బిడ్డలా సాకాను. తుఫానుకు చెట్లు కూలిన చోటల్లా మళ్లీ మొక్క నాటింది నేనే.

రెండువేల మూడులో ఆయన కిడ్నీలు పాడయ్యాయి. మా ఉద్దానంలో అది కొత్త సంగతేం కాదు. విశాఖ ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే అడిగాను.

"టెక్కలి రిజిస్ట్రాఫీసుకి ఎల్దుం. తోట నా పేర రాసీ."

"నన్నప్పుడే సంపేత్తన్నావేటే? ఈలునామా రాసినోడు ఏడాది తిరక్కుండా పోతాడు."

నేను మూతి ముడుచుకుంటే, సాయంత్రం బైరాగి మావను పిలిచి అరుగు మీద కూర్చోబెట్టాడు.

"నా తర్వాత తోట దేముడమ్మది. ఇన్నావు కదా మావా?"

"ఇన్నాన్రా. నా మాటకన్నా కాగితం గట్టిదేటి?" అంటూ మావ నేనిచ్చిన టీ ఊదుకుంటూ తాగాడు.

ఆ రాత్రి మా ఆయన హాయిగా పడుకున్నాడు. వానలు తగ్గకముందే పోయాడు. వీలునామా రాయలేదు, అయినా పోయాడు.

పన్నెండో రోజున మరిది యువరాజు కంచిలి నుంచి కామాక్షిని ఆటోలో తెచ్చి దింపాడు. ఆస్తి పెళ్లానిదట, పెళ్లాం ఆమేనట. ఆమె చేత తోట తన పేర రాయించుకోవడానికి ముందే మాట్లాడుకున్నాడు. నేను వెళ్లి బైరాగి మావ కాళ్ల దగ్గర కూలబడ్డాను.

"కామాక్షికి తెంపింది నువ్వే. నన్ను తెచ్చింది నువ్వే. తోట మాట ఇన్నది నువ్వే. ఒక్క మాట సెప్పు మావా."

"ఆడన్నాడమ్మా, కాదన్ను. అయితే కాగితమేదీ?"

మావ తన మనవరాలిని యువరాజు కొడుక్కి ఇవ్వబోతున్నాడని తర్వాత తెలిసింది. లాయరూ కాగితమేదనే అడిగాడు. తోట పోయింది. పలాసలో గది తీసుకుని జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతున్నాను. సొన తగిలి వేళ్లు నల్లబడ్డాయి.

మూడేళ్లకు బైరాగి మావ కాళ్లు పొంగాయి. అదే జబ్బు. ఓ పొద్దున నా గది గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇల్లు మీ కాంతమ్మత్త పేర ఈలునామా రాత్తన్నాను. నా కొడుకులు ఎలాటోళ్లో నీకు తెల్దా? నువ్వు సాచ్చి సంతకం ఎట్టాల."

"ఊళ్లో మనుసుల్లేరా?"

"ఉన్నారు. రేపు మాట మీద నిలబడేది నువ్వొక్కతివే."

చెప్పు తీసుకుని కొట్టాలనిపించింది. నిజంగానే అనిపించింది. కానీ మా ఆయన పోయినప్పుడు రోజూ గంజి కాచి తెచ్చింది ఈయన భార్య కాంతమ్మత్తే. ఆ మనిషి రేపు నా పక్కన కూర్చుని పిక్కలు కొట్టకూడదు. అందుకు వెళ్లాను.

టెక్కలిలో దస్తావేజులు రాసే ఆయన తలెత్తకుండా అడిగాడు.

"రెండో సాక్షి పేరు?"

"దేముడమ్మ."

"ఎవరి భార్య?"

నేను బైరాగి మావ కళ్లలోకి చూశాను.

"తారకేశ్వరరావు భార్య."

మావ తల దించుకున్నాడు. కాదనలేదు. కాదంటే తన వీలునామాకు నిలబడే సాక్షి ఉండదు.

రాసే ఆయన రాశాడు. నేను తారకేశ్వరరావు భార్యనని రాసిన కాగితం ఈ లోకంలో అదొక్కటే. కింద సంతకం పెట్టాను. బైరాగి మావ దాన్ని జాగ్రత్తగా మడిచి సంచిలో పెట్టుకున్నాడు. నేను పలాస బస్సెక్కాను.