ఖాళీ కొక్కెం

నేను ఒక గనిదీపాన్ని. ఇత్తడి ఒళ్ళు, గాజు చిమ్నీ, మంట బయటికి దూకకుండా చుట్టూ సన్నని ఇనుప జాలి. ఇప్పుడు వేల్స్ దేశంలో ఓ మ్యూజియంలో ఉంటున్నాను. చూడవచ్చినవాళ్ళు నా ముందున్న అద్దంలో జుట్టు సర్దుకుని, నన్ను మెచ్చుకుని వెళ్తారు.

నేను పుట్టింది ఆ దేశపు దక్షిణాన, బొగ్గు తప్ప మరో బతుకుతెరువు లేని లోయలో. అక్కడివాళ్ళు ఇంట్లోనూ గనిలోనూ వెల్ష్ భాషే మాట్లాడేవారు. అది వింటే గని దొరలకు ఒళ్ళుమంట. అదే భాషలో పాట ఎత్తుకుంటే మాత్రం చెవులప్పగించేవారు.

నా యజమాని ఇవాన్ గని కార్మికుడు. పాటంటే ప్రాణం. పని ముగించి పైకొచ్చినవాళ్ళు దీపాన్ని దీపాల గదిలో అప్పగించాలి. అక్కడ ఎవరి కొక్కెం ఖాళీగా ఉందంటే ఆ మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. ఓ సాయంత్రం గది ముందు వరస కదలడం లేదు. మర్నాడు ఐస్తెద్వొద్, ఊళ్ళకు ఊళ్ళు పాటలతో పద్యాలతో పోటీపడే పండుగ. బృందగానం సాధనకు ఆలస్యమవుతోందని ఇవాన్ నన్ను అప్పగించకుండానే నడుముకు తగిలించుకుని చర్చికి పరుగెత్తాడు. నా కొక్కెం ఖాళీగానే ఉండిపోయింది.

పాట మధ్యలో నేల అదిరింది. గనిలో గ్యాస్ పేలింది. అందరితోపాటు పరుగెత్తుకొచ్చిన ఇవాన్‌ను చూసి దీపాల గది చూసుకునే టుడుర్ మొహం పాలిపోయింది.

"నువ్వు పైనున్నావేమిటయ్యా? ఇంకా ఇద్దరు దొరకలేదు. అందులో నువ్వొకడివని మీ తమ్ముడు వెతకడానికి దిగాడు."

మనుషుల్ని దించే ఇనుప బోను అడుగునే ఉంది. కిందికి మాట పోవడానికి ఓ రేకు గొట్టం ఉండేది. టుడుర్ అందులో విషయం చెప్పాడు. వెతికి బోను దగ్గరికి తిరిగొచ్చిన తమ్ముడు ఎమ్రిస్ నమ్మలేదు.

"నన్ను పైకి రప్పించడానికి నాటకాలాడకండి. అన్న లేకుండా రాను. పొగ ముదురుతోంది, మళ్ళీ లోపలికి పోతున్నా."

"తమ్ముడూ, నేనేరా," అన్నాడు ఇవాన్. గొట్టంలో అందరి గొంతూ రేకు మోతే.

"ఆ మాట ఎవరైనా అంటారు."

"పాడవయ్యా," అన్నాడు టుడుర్.

ఇవాన్ గొట్టానికి నోరు ఆనించాడు. పాట ఎత్తుకున్నాడు, చిన్నప్పుడు అమ్మ అన్నదమ్ములిద్దరికే నేర్పిన కీర్తన. చరణం పూర్తయింది. గొట్టంలో చప్పుడు లేదు. రెండో చరణం సగంలో ఉండగా బోను లాగమని కిందినుంచి గంట మోగింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఎమ్రిస్ బయటికొచ్చి అన్న కాలరు పట్టుకున్నాడు. కొడతాడనుకున్నాను. అన్న గుండెకు తల ఆనించి ఏడ్చాడు. కాసేపటికి తలెత్తాడు.

"గ్విలిం మామ ఇంకా కిందే ఉన్నాడన్నా. నీకోసం వెతికినంతసేపూ ఆయన వైపు ఎవరం పోలేదు."

ఇవాన్ చేతికి తట్టా పారా ఇచ్చి పని నేర్పిన ముసలాయన గ్విలిం. ఇవాన్ నన్ను వెలిగించుకుని బోనెక్కాడు. ఎమ్రిస్ కూడా ఎక్కాడు. కింద చెడుగాలికి నా మంట కుంచించుకుపోతోంది. ఆరిపోకూడదని పట్టుబట్టి నిలిచాను.

కూలిన రాళ్ళ వెనక ముసలాయన కనిపించాడు. ఊపిరి లేదు. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. పైకొచ్చేదాకా ఇవాన్ ఆ చెయ్యి వదల్లేదు.