వదిలొచ్చిన సంఘం

పంది మాంసం ముక్కలూ, చీజు వేసి కాల్చిన బంగాళాదుంపలూ వడ్డించారు. ఆర్లిన్ దుంపలను అటు నెట్టి ఇటు నెట్టింది తప్ప ఒక్క ముక్క నోట పెట్టలేదు. ఇంకో అరగంటలో ఆమెను వేదిక మీదికి పిలిచి, విశిష్ట సేవ చేసిన పూర్వ విద్యార్థులకు, పాస్టర్లను తయారుచేసే ఆ సెమినరీ ఇచ్చే పురస్కారం చేతిలో పెడతారు. జేబులో ఫోను మూడోసారి వణికింది.

"అమ్మ మిమ్మల్నే అడుగుతోంది. ఈ రోజు గడవడం కష్టమంటున్నారు" అని నెల్ రాసింది. నెల్ తల్లి గ్రీటా, ఆర్లిన్ ఇరవై నాలుగేళ్ళు పాస్టరుగా ఉన్న చర్చి సంఘంలో పెద్దావిడ. ఆ ఊరు ఇక్కడికి నలభై నిమిషాలు. లేచి కారెక్కడమే తరువాయి.

కానీ ఎలా లేవడం? వదిలొచ్చిన సంఘం గడప పాస్టరు మళ్ళీ తొక్కకూడదు. పెళ్ళయినా చావైనా, కొత్త పాస్టరు పిలిస్తే తప్ప. లేకపోతే కొత్తవాడి మాట చెల్లదు, జనం రెండుగా చీలుతారు. రిటైరైన పాస్టర్లంతా ఈ నియమానికి బుద్ధిగా తలూపి, ఆనక దొడ్డిదారిన దూరేవాళ్ళే. ఆర్లిన్ అలా కాదు. రిటైరైన ఈ రెండేళ్ళలో ఆ ఊళ్ళో పెట్రోలు కూడా పోయించుకోలేదు. సంఘాన్ని వదలడం ఎలాగో ఏటా సెమినరీ పిల్లలకు పాఠం చెప్పేది. ఈ పురస్కారం కూడా ముఖ్యంగా ఆ పాఠానికే.

ఆ పాఠమే ఇప్పుడు ఆమెకు అడ్డం తిరిగింది. పాతికేళ్ళ కిందట గ్రీటా భర్త హార్లన్ చావుబతుకుల్లో ఉండి, పాత పాస్టరు క్లారెన్సును చూడాలన్నాడు. క్లారెన్సు మర్యాదగా ఫోను చేసి, "రమ్మంటావా అమ్మా?" అని అడిగాడు. ఆర్లిన్ అప్పటికింకా కొత్తదే, పైగా ఆడమనిషి. సగం సంఘం ఆమె ఎప్పుడు తప్పు చేస్తుందా అని కాచుకుని ఉంది. "వద్దండీ, నేను చూసుకుంటాను" అనేసింది. మూడో నాడు హార్లన్ పోయాడు. గ్రీటా పల్లెత్తు మాట అనలేదు. ఆ అనకపోవడమే ఆర్లిన్‌ను ఇన్నేళ్ళూ తినేసింది. అనవలసింది అనడానికే ఇప్పుడు పిలుస్తోందేమో. అంటే పడాలి, క్షమించమని అడగాలి. ఆవిడ పోయాక ఇంకెవర్ని అడుగుతుంది?

కాలు కాలిన పిల్లిలా గదంతా తిరిగి, చివరికి కర్టిస్ కూర్చున్న బల్ల దగ్గర ఆగింది. కర్టిస్ ఆ సంఘానికి కొత్త పాస్టరు, ఒకప్పుడు ఆమె శిష్యుడు.

"గ్రీటా నన్ను అడుగుతోందట. వెళ్ళనా?"

కర్టిస్ ముఖం చిన్నబోయింది. "పొద్దున నేను వెళ్ళొచ్చానండీ. నన్ను చూసి గోడవైపు తిరిగింది. ఎంత ఏడ్చి అడిగినా వెళ్ళొద్దని నేర్పింది మీరే కదా? పరీక్షలో వెళ్తానని రాస్తే నాకు రెండు మార్కులు కోశారు కూడా."

"కోశాను. ఇప్పుడు అడుక్కుంటున్నాను."

"ఇప్పటికే 'ఆర్లినైతే ఇలా చేసేది కాదు' అని నన్ను చంపుకుతింటున్నారండీ ఊళ్ళో." ప్లేటు పక్కకి జరిపాడు. "సరే, వెళ్ళండి. పాస్టరుగా కాదు, మామూలు మనిషిగా. ప్రార్థనలవీ వద్దు."

"చెయ్యను."

"మరి అవార్డు?"

"నువ్వే తీసుకో. వదలడం ఈవిడకే చేతకాలేదని చెప్పు."

ఆర్లిన్ వెళ్ళేసరికి గ్రీటా మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉంది. కూతుర్ని బయటికి పంపి, ఆర్లిన్ చెయ్యి పట్టుకుంది.

"ఆ రోజు క్లారెన్సును రావద్దన్నావు చూడు…"

"అవునండీ గ్రీటాగారూ. తప్పు చేశాను, నన్ను…"

"నన్ను చెప్పనివ్వవే. నాకు ఊపిరి తక్కువుంది. నేను నీ మాట దాటాను. ఆయనకి ఫోను చేసి హార్లన్ చెవి దగ్గర పెట్టాను. ప్రతి ఆదివారం నీ ఎదురుగా కూర్చుని దొంగలా ప్రసంగం విన్నాను తల్లీ. క్షమించు."

"ఏం ప్రార్థన చేశారాయన?" అంది ఆర్లిన్.

"ప్రార్థనా, పాడా! ఇద్దరూ అరగంట చేపల కబుర్లు. ఆఖర్న మా ఆయన ప్రార్థన చెయ్యమంటే క్లారెన్సు ససేమిరా అన్నాడు. 'నీకు పాస్టరుంది హార్లన్. మంచి పాస్టరు. ఆవిడ చేత చేయించుకో' అన్నాడు. మర్నాడు నిన్ను పిలిపించింది అందుకే."

ఆ మర్నాడు ఆర్లిన్‌కు బాగా గుర్తుంది. హార్లన్ తనంతట తానే చెయ్యి చాచి ప్రార్థన అడిగాడు. ఆ గెలుపు తనదే అనుకుంది. అప్పటినుంచే సంఘం ఆమెను తమ పాస్టరంది. క్లారెన్సు పోయి పదకొండేళ్ళు. ఆయనకు ఒక్క థాంక్స్ కూడా చెప్పలేదు. సిగ్గుతో, దుఃఖంతో ఆమె మంచం అంచు మీద తల ఆనించి ఏడ్చింది.

"ఏడుపు చాల్లే. ప్రార్థన చెయ్యి" అంది గ్రీటా.

ఆర్లిన్ కళ్ళు తుడుచుకుంది. "నేను కాదండీ. మీకు పాస్టరున్నాడు. మంచి పాస్టరు."

"గడుసుదానివే" అని గొణిగింది గ్రీటా. "సరే, రమ్మను ఆ కుర్రాణ్ణి."

కర్టిస్ ఫోను ఎత్తాడు. వెనక చప్పట్లు వినిపిస్తున్నాయి.

"బయల్దేరు నాయనా" అంది ఆర్లిన్. "గ్రీటా నిన్ను అడుగుతోంది."